నీటి అసంగత వ్యాకోచం, నేనూ

ఇంటర్ ఫస్టియర్‌లో ఫిజిక్స్ చదివినవాళ్లకి ఈ ప్రశ్న గుర్తుండే ఉంటుంది: నీటి అసంగత వ్యాకోచం జలచరాలకు ఏ విధంగా ఉపయోగపడుతుంది? (4 డిగ్రీల కంటే చల్లబడితే నీరు కుంచించుకుపోకుండా వ్యాకోచిస్తుంది, అదే అసంగత వ్యాకోచం.) దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక జూనియర్ కాలేజీలో పదహారేళ్లుగా నేను దీనికి జవాబు చెబుతున్నాను. బోర్డు మీద ఒక చెరువు గీస్తాను, పైన మంచు పొర, దాని కింద వరసగా 0, 1, 2, 3, అట్టడుగున 4 డిగ్రీలు, ఆ 4 పక్కన ఒక చేప. చేప గీయడం నాకు చేతకాదు, వంకాయలా వస్తుంది, ప్రతి బ్యాచ్ నవ్వుతుంది. పోయిన ఆగస్టులో సిలిండర్ కట్టుకుని ఒక చల్లటి సరస్సులోకి దిగి, ఆ వంకాయ స్థానంలో నేనే ఉన్నాను. మంచు లేదు, 4 డిగ్రీలూ కాదు, కానీ నీళ్లు పొరలు పొరలుగా ఉంటాయని ఇన్నేళ్లూ చెప్పిన మాట మొదటిసారి ఒంటికి తెలిసింది. అది రాద్దామని కూర్చున్నాను. ఎప్పటిలాగే ఎక్కడెక్కడికో పోతుంది, ఓపిక పట్టండి.

నీళ్ల అడుగు మీద నాకు పిచ్చి ఎప్పుడు పట్టిందో కచ్చితంగా చెప్పగలను. 1990 మార్చి. హుస్సేన్ సాగర్ మధ్యలో నిలబెట్టాల్సిన బుద్ధ విగ్రహాన్ని బార్జి మీద తీసుకెళ్తుంటే నీళ్లలోకి జారిపోయింది, మనుషులు చనిపోయారు. 1992లో పైకి తీసి నిలబెట్టేదాకా విగ్రహం చెరువు అడుగునే పడి ఉంది. నాకప్పుడు పదేళ్లు. నాన్న చేతక్ మీద ట్యాంక్‌బండ్ వైపు వెళ్లినప్పుడల్లా బండి ఆపి, "అగో, ఆడనే ఉన్నడు" అని చెయ్యి చూపించేవాడు. కనిపించేది పచ్చటి నీళ్లే, వచ్చేది వాసనే. నాకు మాత్రం ఆ నీళ్ల కింద వెల్లకిలా పడుకుని పైకి చూస్తున్న ముఖం కనిపించేది. "ఊపిరి ఎట్ల నాన్నా?" అని అడిగితే "రాయికి ఊపిరేంది బిడ్డా" అన్నాడు. ఆ జవాబుతో నాకు తృప్తి కలగలేదు.

ఆ తర్వాత ముప్ఫై ఏళ్లు ఏమీ జరగలేదు. చదువు, ఉద్యోగం, పెళ్లి, బాబు. బాబుని ఈత క్లాసుకి తీసుకెళ్లి గట్టు మీద కూర్చుని పేపర్లు దిద్దుకుంటుంటే, అదే పూల్‌లో లోతు వైపున నలుగురు సిలిండర్లు కట్టుకుని దిగారు. బుడగలు తప్ప మనుషులు పైకి రావడం లేదు. పేపర్లు పక్కన పెట్టి గంటసేపు ఆ బుడగలే చూశాను. తర్వాతి నెలలో నేనూ అదే పూల్‌లో ఉన్నాను, ఆ తర్వాత మురుడేశ్వర్ దగ్గర నేత్రాణిలో సముద్రం డైవులు, ఇంకో ఏడాదికి అండమాన్‌లో స్వరాజ్ ద్వీప్. అక్కడ 30 మీటర్ల వరకూ దిగే కోర్సు పూర్తి చేశాను. అన్నీ 28, 29 డిగ్రీల నీళ్లే. స్నానానికి వేణ్ణీళ్లు తోడి పెట్టినట్టు ఉండేవి.

ఇక్కడ ఒక సరదా విషయం చెప్పాలి. డైవింగ్ పాఠాల్లో సముద్ర మట్టానికి 300 మీటర్లు దాటితే దాన్ని ఆల్టిట్యూడ్ డైవింగ్ అంటారు, లెక్కలు మారతాయి. హుస్సేన్ సాగర్ నిండితే నీటి మట్టం 513 మీటర్ల పైచిలుకు, ఎండాకాలం అయ్యిందంటే పేపర్లలో ఈ అంకె మాయమై మళ్లీ వానాకాలంలో వస్తుంది, చూసే ఉంటారు. అంటే ట్యాంక్‌బండ్ మీద మిర్చి బజ్జీలు తింటున్నవాళ్లంతా నియమం ప్రకారం ఎత్తైన సరస్సు ఒడ్డునే ఉన్నారు. నేను మొదట దిగిన ఆ స్విమ్మింగ్ పూల్ కూడా అంతే. ఎవరూ నాకు చెప్పలేదు, పూల్ నాలుగు మీటర్ల లోతు కాబట్టి ఎవరికీ అవసరమూ పడలేదు.

అసలు కథకి వస్తాను. చెల్లి కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్‌లో ఉంటుంది. రెండో కాన్పు. అమ్మకి మోకాళ్లు నొప్పులు, అంతసేపు విమానంలో కూర్చోలేనంది, దాంతో జీతం లేని సెలవు పెట్టి నేను వెళ్లాను. పథ్యం వండటం, పెద్దవాణ్ణి స్కూలుకి దింపటం, పసిదానికి నూనె రాసి లాలపోయటం, మూడు నెలలు ఇదే పని. ఆగస్టు మొదట్లో డ్యూటీ మారింది, చెల్లి అత్తగారు రాజమండ్రి నుంచి దిగారు. (అమెరికాలో మన కాన్పులన్నీ ఇలాగే షిఫ్టుల్లో నడుస్తాయి.) అప్పుడు చెల్లే అంది, "అక్కా, తిరిగి వెళ్లేలోపు నీకేం కావాలో చెప్పు" అని. గోల్డెన్ గేట్ అనో, ఔట్‌లెట్ మాల్ అనో అంటాననుకుంది. లేక్ టాహోలో డైవ్ చెయ్యాలన్నాను.

మా మరిది అప్పటికే మూడుసార్లు వెళ్లొచ్చాడు, మంచులో జారడానికి. "వదినా, ఆ నీళ్లలో కాలు పెట్టి తీశాను నేను, కాలు నాదో కాదో తెలియలేదు" అన్నాడు. వీడియో కాల్‌లో అమ్మ ఇంకా సూటిగా అడిగింది. "నలభై దాటినయ్, గా సల్లటి నీళ్లల్ల ఏం పోగొట్టుకున్నవే?" నా దగ్గర జవాబు లేదు. 4 డిగ్రీల దగ్గర నీటి సాంద్రత గరిష్ఠం అమ్మా అని చెప్పలేను కదా.

టాహో గురించి కొంచెం. కాలిఫోర్నియా, నెవాడా రాష్ట్రాల సరిహద్దు మీద, సియెర్రా నెవాడా కొండల్లో, 1,897 మీటర్ల ఎత్తులో ఉంది. పొడవు 35 కిలోమీటర్లు, వెడల్పు 19. అత్యధిక లోతు 501 మీటర్లు. హుస్సేన్ సాగర్‌తో పోల్చి చెబుదామంటే పోలికే కుదరదు, వదిలేయండి. అరవై మూడు వాగులు వచ్చి కలుస్తాయి, బయటికి పోయేది ఒక్క ట్రకీ నది, అదీ సముద్రం దాకా పోదు, ఎడారిలో పిరమిడ్ లేక్ అనే ఇంకో సరస్సులో ఆగిపోతుంది. లోపలికి వచ్చిన నీటిచుక్క బయటపడటానికి సగటున 650 ఏళ్లు పడుతుందని లెక్క. అంటే కాకతీయులు పోయి ఎంతో కాలం కాని రోజుల్లో పడ్డ వాన ఇప్పుడు బయటికి పోతోందన్నమాట. టాహో అనే పేరు అక్కడి వాషో ప్రజల భాషలో సరస్సు అనే మాట నుంచే వచ్చింది, కాబట్టి లేక్ టాహో అంటే సరస్సు సరస్సు. నవ్వొద్దు, మనం దుర్గం చెరువు లేక్ అనడం లేదా?

శుక్రవారం మధ్యాహ్నం పసిదానితో సహా అందరం బయల్దేరాం, నాలుగు గంటల ప్రయాణం కాస్తా పాలకి, డైపర్లకి ఆగుతూ ఆరున్నర గంటలయింది. దారిలో మరిది నాకు ధైర్యం చెబుదామనుకున్నాడో ఏమో, టాహోలో 1994లో మునిగిపోయిన ఒక డైవర్ శరీరం పదిహేడేళ్ల తర్వాత 2011లో దొరికిందని, చలికి పెద్దగా పాడవకుండా ఉందని చెప్పాడు. నిజంగా జరిగిందే. అంత చల్లటి లోతులో బాక్టీరియా పని నెమ్మదిస్తుంది, వాయువులు పుట్టవు, ఉబ్బి పైకి తేలడం ఉండదు. ఇలా నేను వివరించడం మొదలుపెట్టేసరికి అత్తయ్యగారు వెనక సీట్లోంచి "శుభమా అని పసిబిడ్డతో వెళ్తూ ఆ మాటలేంటర్రా" అని కసిరారు. ఇద్దరం నోరు మూశాం.

ముందు రోజు సాయంత్రమే చేరుకోవడం నేను పట్టుబట్టి పెట్టుకున్న విషయం, దానికి కారణం ఉంది. సముద్రం పక్కన ఉన్నప్పుడు మన రక్తంలో, కండరాల్లో ఆ ఒత్తిడికి తగినంత నైట్రోజన్ కరిగి ఉంటుంది. కొండ ఎక్కితే చుట్టూ గాలి ఒత్తిడి తగ్గుతుంది, టాహో దగ్గర సముద్రమట్టంతో పోలిస్తే ఐదింట నాలుగు వంతులే ఉంటుంది, దాంతో ఒంట్లో ఉన్న నైట్రోజన్ ఎక్కువైపోతుంది. అప్పుడే ఒక డైవ్ చేసొచ్చినవాళ్ల పరిస్థితి లాంటిదే అది. అందుకే ఎత్తుకి చేరాక కనీసం ఆరు గంటలు ఆగి దిగమంటారు, లేదా ఆ అదనాన్ని లెక్కలో వేసుకోమంటారు.

తిరిగి పైకి వచ్చేటప్పుడు ఇంకో చిక్కు. గోలీ సోడా గోలీ నొక్కగానే ఎందుకు పొంగుతుంది? లోపలి ఒత్తిడి ఒక్కసారిగా పడిపోతుంది కాబట్టి. డైవర్ ఒంట్లో కరిగిన నైట్రోజన్‌దీ అదే కథ, మెల్లగా వదిలితే ఊపిరితో పోతుంది, తొందరపడితే బుడగలవుతుంది. సముద్రంలో ఒత్తిడి ఉపరితలం కంటే రెట్టింపు కావాలంటే 10 మీటర్లు దిగాలి. టాహోలో 8 మీటర్లు దాటితే చాలు, ఎందుకంటే పైన ఉన్న గాలే తక్కువ. అడుగు నుంచి పైకి వచ్చేసరికి ఒత్తిడి నిష్పత్తిలో తేడా పెద్దదవుతుంది, గోలీ గట్టిగా నొక్కినట్టన్నమాట. కాబట్టి అక్కడి 22 మీటర్ల డైవ్‌ని సముద్రంలో సుమారు 27 మీటర్ల డైవ్‌గా లెక్క కట్టుకోవాలి, పైకి వచ్చే వేగం కూడా నిమిషానికి 9 మీటర్లు మించకూడదు. ఇప్పటి డైవ్ కంప్యూటర్లు చాలావరకు ఇదంతా వాటికవే చూసుకుంటాయి. నాది పాతది, ఎత్తు సెట్టింగ్ మనమే మార్చాలి. రాత్రి పడుకునే ముందు మూడుసార్లు తీసి చూసుకున్నాను, గ్యాస్ కట్టేశానా లేదా అని చూసుకున్నట్టు.

శనివారం పొద్దున తూర్పు ఒడ్డున శాండ్ హార్బర్. పార్కింగ్ త్వరగా నిండిపోతుందని చీకటితోనే లేపారు. అక్కడ డైవర్స్ కోవ్ అని చిన్న మలుపు ఉంది, ఇసుకలోంచి నడుచుకుంటూ నీళ్లలోకి దిగొచ్చు. నాకు నేర్పడానికి వచ్చినావిడకి అరవై దాటి ఉంటాయి, సన్నగా, ఎండకి కాగిపోయిన చర్మం, మాటలు తక్కువ. నా కాగితాలు చూసి, చల్లటి నీళ్లలో ఎన్ని చేశావని అడిగింది. సున్నా అన్నాను. మంచిది, చెడు అలవాట్లు ఉండవు అంది.

సూట్ గురించి రాయకపోతే అన్యాయం. నేత్రాణిలో 3 మిల్లీమీటర్ల పల్చటి సూట్, చీర కట్టుకునే టైమ్‌లో సగం పట్టేది. ఇక్కడ 7 మిల్లీమీటర్లది, రెండు ముక్కలు, ఒకదాని మీద ఒకటి, ఛాతీ దగ్గర 14 మిల్లీమీటర్లు. పైన తలకి హుడ్, చేతులకి గ్లవ్స్, కాళ్లకి బూట్లు. (గాలి నిండే డ్రై సూట్ వేరే ఉంది, లోపల తడవదు, కానీ దానికి విడిగా శిక్షణ కావాలి.) తొమ్మిదో తరగతి యూనిఫాంలో ఇప్పుడు దూరమంటే ఎలా ఉంటుందో అలా ఉంది. మరిది బయట నిలబడి "వదినా, సాయం కావాలా" అని అడగడానికి మొహమాటపడి చెల్లిని పంపాడు, చెల్లి పసిదాన్ని అత్తగారికిచ్చి వచ్చి, నా వెనక మోకాలు ఆనించి జిప్పు లాగింది. హుడ్ పెట్టుకున్నాక మెడ బిగిసి గుండె చప్పుడు నాకే వినిపించడం మొదలైంది. ఆ తర్వాత వెయిట్లు. సూట్‌లో ఉండేదంతా చిన్న చిన్న గాలి బుడగలే కదా, మనిషిని పైకి నెట్టేస్తుంది, మంచినీళ్లు ఉప్పునీళ్ల కంటే తేలిక కాబట్టి కొంత కలిసొచ్చినా, నేత్రాణిలో 5 కిలోలు కట్టినదానికి ఇక్కడ 12 కిలోలు కట్టాల్సి వచ్చింది. సిలిండర్‌తో కలిపి మొత్తం మోసుకుంటూ ఇసుకలో యాభై అడుగులు వేసేసరికి ఆయాసం. గోల్కొండ పైదాకా ఎక్కినంత ఆయాసం. ఎత్తులో గాలి పల్చన అని క్లాసులో చెప్పడం తేలిక.

నీళ్లలోకి దిగాక మాస్క్ పెట్టుకోనివ్వలేదావిడ. ముందు ముఖం నీళ్లలో ముంచి ఉంచమంది. ఎందుకో ముంచాకే తెలిసింది. ఊపిరి దానంతటదే ఎగబీల్చుకుంది, నేను పీల్చలేదు, ఒళ్లే పీల్చింది. కనుబొమల మధ్య ఐస్‌ఫ్రూట్ ఆబగా కొరికితే వచ్చే పోటు. రెండు నిమిషాలు పోయాక ఆ పోటు తగ్గింది, ఊపిరి నా మాట వినడం మొదలుపెట్టింది. అప్పటికి పైన నీళ్లు 19 డిగ్రీలు, గుర్తుంచుకోండి, ఇది టాహోకి మండువేసవి.

ఆ రోజు 10 మీటర్లకి మించి వెళ్లలేదు. గొప్పగా చేశానని చెప్పను. మొదటి పది నిమిషాలు బెలూన్‌లా ఒకసారి పైకి, రాయిలా ఒకసారి కిందికి. గ్లవ్స్‌తో నీళ్లలో తేల్చే జాకెట్‌లోకి గాలి నింపే బటన్ ఏదో, తీసేసే బటన్ ఏదో తెలియదు. పైగా అద్దెకి తెచ్చుకున్న గ్లవ్స్‌లో ఎడమదానికి చూపుడువేలు దగ్గర చిరుగు, ఇచ్చినవాళ్లు చూడలేదు, నేనూ చూసుకోలేదు, ఆ వేలు మధ్యాహ్నం దాకా నాది కాదు. కానీ పది నిమిషాల తర్వాత తల ఎత్తి చుట్టూ చూసి, నిజంగా, ఒక్క క్షణం ఎక్కడున్నానో మర్చిపోయాను.

రాళ్లు. గుండ్రటి, పెద్ద పెద్ద గ్రానైట్ గుండ్లు, ఒకదాని మీద ఒకటి, కొన్ని పడిపోతాయేమో అన్నట్టు అంచున నిలబడి, మధ్యలో మనిషి దూరేంత సందులు. బంజారాహిల్స్‌లో బిల్డింగులు రాకముందు ఉన్న రాళ్లు. ఖాజాగూడ రాళ్లు. చిన్నప్పుడు మౌలాలి గుట్టకి వెళ్తే నాన్న "ఏనుగు రాయి, తాబేలు రాయి" అని పేర్లు పెట్టి చూపించిన రాళ్లు. ఎవరో హైదరాబాద్‌ని నీళ్లతో నింపి, ఆ నీళ్లు అద్దంలా కడిగిపెట్టినట్టుంది. గ్రానైట్ పగుళ్ల వెంట అరిగి, మూలలు ముందు పోయి, ఉల్లిపాయలా పొరలు రాలి గుండ్రమవుతుంది, ఇక్కడైనా అక్కడైనా పద్ధతి అదే. వయసులోనే తేడా. సియెర్రా గ్రానైట్ వయసు పది కోట్ల ఏళ్ల చుట్టుపక్కల, మన హైదరాబాద్ గ్రానైట్ 250 కోట్ల ఏళ్లది. మనవాటి ముందు అవి నిన్నగాక మొన్న పుట్టినవి, మా చెల్లి కూతురిలా. అయినా అక్కడ వాటిని పార్కు చేసి కాపాడుకుంటున్నారు, ఇక్కడ మనం పొక్లెయిన్లు పెట్టి పగలగొట్టి వాటి మీదే గ్రానైట్ ఫ్లోరింగ్ వేయించుకుంటున్నాం. సరే, ఆ గొడవ ఇంకోసారి.

ఆ రాళ్ల సందుల్లో రొయ్యకీ పీతకీ మధ్యలో ఉండే క్రేఫిష్‌లు తిరుగుతుంటాయి. అవి అక్కడివి కావట, మనుషులు బయట నుంచి తెచ్చి వదిలినవి. ఒకటి నా వైపు రెండు డెక్కలూ ఎత్తింది. వెనక్కి తగ్గాను.

ఆదివారం పడవలో వెళ్లాం, అదే తూర్పు ఒడ్డున కొంచెం లోతున్న చోటుకి. సరస్సు ఇంకా కదలడం మొదలుపెట్టలేదు, గాలి మధ్యాహ్నం లేస్తుందట. ఈ డైవ్ కోసమే నేను వచ్చింది.

కింద ఏం జరుగుతోందో ముందే చెప్పేస్తాను, లేకపోతే మధ్యలో ఆపి క్లాసు పీకాల్సి వస్తుంది. వేసవిలో ఎండ పై నీళ్లనే వేడెక్కిస్తుంది. వేడెక్కిన నీరు తేలిక, పైనే ఉండిపోతుంది. గాలి ఆ పై భాగాన్ని కలియబెడుతుంది కానీ కింద ఉన్న చల్లటి బరువు నీళ్లని పైకి లాగేంత బలం దానికి ఉండదు. దాంతో పైన ఒక వెచ్చటి పొర, అడుగున ఒక చల్లటి పొర, మధ్యలో ఉష్ణోగ్రత గబగబా పడిపోయే పొర, థర్మోక్లైన్ అంటారు దాన్ని. టాహో లోతుల్లో ఏడాది పొడవునా 5 డిగ్రీల దగ్గరే ఉంటుంది.

ఇప్పుడు బరువు ఎంత తేడానో చూడండి. ఇంటి మీద వెయ్యి లీటర్ల సింటెక్స్ ట్యాంకు ఉంది కదా, దాన్ని 20 డిగ్రీల నీళ్లతో నింపినప్పటికీ 4 డిగ్రీల నీళ్లతో నింపినప్పటికీ బరువులో తేడా రెండు కిలోలు కూడా రాదు. టన్ను నీళ్లకి రెండు కిలోల లోపు! ఆ కాస్త తేడా మీద ఒక సరస్సు మొత్తం నెలల తరబడి పొరలుగా నిలబడి ఉంటుంది. ఇంకో తమాషా ఏమిటంటే డిగ్రీలన్నీ సమానం కావు. 20 నుంచి 21కి వేడెక్కితే ఆ ట్యాంకు సుమారు 200 గ్రాములు తేలికవుతుంది, 4 నుంచి 5కి వేడెక్కితే 8 గ్రాములే. అందుకే చలికాలం పై నీళ్లు చల్లబడి అడుగు నీళ్లకి దగ్గరగా వచ్చేసరికి పొరల మధ్య పట్టు సడలిపోతుంది, పెద్ద గాలి తోలితే కలిసిపోతాయి. టాహో అడుగు దాకా కలవడం ప్రతి ఏడాదీ జరగదు, సగటున మూడు నాలుగేళ్లకోసారి జరుగుతుందని అక్కడ కొలిచేవాళ్లు చెబుతారు. కలిసినప్పుడే అడుగుకి తాజా ఆక్సిజన్ చేరేది. శీతాకాలాలు వెచ్చబడేకొద్దీ ఈ కలయిక తగ్గిపోతుందేమోనని వాళ్ల దిగులు. ఇంకోటి, ఇంత లోతున్న సరస్సు మొత్తం 4 డిగ్రీలకి చల్లబడేలోపు చలికాలమే అయిపోతుంది, కాబట్టి టాహో గడ్డకట్టదు. అంటే నేను బోర్డు మీద గీసే చెరువు, పైన మంచు, కింద వంకాయ, అది ఈ సరస్సు కానే కాదు.

తాడు పట్టుకుని దిగాం. 5 మీటర్లు, 19 డిగ్రీలు. 10 మీటర్లు, అదే. వెలుతురు నీలంగా మారుతోంది, రాళ్లు కింద దాకా కనిపిస్తున్నాయి. 14 మీటర్ల దగ్గర నీళ్లు మసకబారాయి. మురికి కాదది. నిమ్మరసంలో పంచదార వేసి ఇంకా తిప్పకముందు గ్లాసు అడుగున తీగలు తీగలుగా వణుకుతుంది చూశారా, అచ్చం అలా. వేర్వేరు ఉష్ణోగ్రతల నీళ్లు కాంతిని వేర్వేరుగా వంచుతాయి, మే నెలలో తారురోడ్డు మీద ఎండమావి కనిపించేదీ ఇందుకే. ఆవిడ నా వైపు తిరిగి అరచేయి అడ్డంగా పెట్టి చూపించింది. ఇదే, ఇక్కడే.

ఇంకో మీటరు దిగానో లేదో పాదాలు మొదట చెప్పాయి. తర్వాత మోకాళ్లు. నేను జాకెట్‌లోకి కాస్త గాలి వదిలి, కదలకుండా, నిలువుగా అక్కడే ఆగాను. మోకాళ్లు డిసెంబర్‌లో ఉన్నాయి, ముఖం మార్చిలో ఉంది. చెయ్యి కిందికి చాచితే చలి, పైకి తీస్తే వెచ్చన. మళ్లీ చాచాను, మళ్లీ తీశాను. పిల్లలు కొత్త స్విచ్‌తో ఆడుకున్నట్టు ఎన్నిసార్లు చేశానో. బోర్డు మీద నేను గీసేది ఒక గీత, పైన ఒక అంకె, కింద ఒక అంకె. ఇక్కడ అలా లేదు, ఒక మెట్టు దిగితే గట్టిగా చలి, తర్వాత కొంత దూరం ఏమీ లేదు, మళ్లీ ఇంకో మెట్టు, ఇలా ఎనిమిది మీటర్ల మందాన ఎగుడుదిగుడుగా. 18 మీటర్ల దగ్గర 14 డిగ్రీలు, 22 దగ్గర 10. చేతిలోకి తీసుకుంటే పై నీళ్లకీ కింది నీళ్లకీ చూపులో తేడా లేదు, రుచిలో లేదు, అంత పల్చటి తేడాని నా ఒళ్లు గీతగీసి చెబుతోంది.

22 మీటర్ల దగ్గర ఎక్కువసేపు లేం. అక్కడ సూట్ కూడా మోసం చేస్తుంది. ఒత్తిడికి దానిలోని బుడగలు నలిగి పల్చబడుతుంది, చలి పెరిగే చోటే దుప్పటి సన్నబడినట్టు. నీళ్లు గాలి కంటే పాతిక రెట్లు వేగంగా ఒంట్లో వేడిని లాగేస్తాయి. పళ్లు మౌత్‌పీస్ మీద టకటకలాడాయి. గాలి మామూలు కంటే త్వరగా ఖర్చవుతోంది, మీటర్ చూపించి బొటనవేలు పైకెత్తాను, డైవింగ్‌లో దానర్థం బాగుందని కాదు, పైకి పోదామని. తిరిగి ఆ వణికే పొర దాటి వెచ్చటి నీళ్లలోకి రాగానే... గీజర్. ఎవరో గీజర్ వేసి బకెట్ నెత్తిన పోసినట్టు. 19 డిగ్రీల నీళ్లు, నిన్న పొద్దున నన్ను ఏడిపించిన అదే నీళ్లు. తాడు పట్టుకుని, నైట్రోజన్ పోవడానికి ఆగాల్సిన చోట ఆగి, ఆ వెచ్చదనంలో కళ్లు మూసుకున్నాను. ఆవిడ భుజం తట్టి, కళ్లు తెరవమంది.

పడవ ఎక్కాక ఆవిడ నడుముకున్న వల సంచిలోంచి రెండు బీరు డబ్బాలు, ఒక కళ్లజోడు తీసి పక్కన పెట్టింది. నేను చలి ఆటలో ఉండగా ఏరినవి. అక్కడి డైవర్లకి అది అలవాటట. క్లీన్ అప్ ద లేక్ అనే సంస్థవాళ్లు సరస్సు చుట్టూ 72 మైళ్లూ డైవ్ చేస్తూ ఏరుకొచ్చి 2022లో పూర్తిచేస్తే పదకొండు టన్నులకి పైగా చెత్త తేలింది. అద్దంలా కనిపించే నీళ్లలోంచి! 1968 నుంచీ ఒక తెల్లటి పళ్లెం నీళ్లలోకి దించి ఎంత లోతు దాకా కనిపిస్తుందో కొలుస్తున్నారు, మొదటి ఏడాది 31 మీటర్లు, ఇప్పుడు 20 మీటర్లకి అటూ ఇటూ. అది తగ్గిపోయిందని అక్కడివాళ్లు బాధపడుతుంటే నాకు ఏమనాలో తోచలేదు. మన చెరువులో పళ్లెం దించితే పట్టుకున్న వేళ్లు కనిపిస్తాయా అన్నది వేరే ప్రశ్న.

ఒడ్డుకి వచ్చేసరికి అత్తయ్యగారు శాలువా, మంకీ క్యాప్‌తో కుర్చీలో ఉన్నారు, ఒళ్లో ఫ్లాస్క్. మిరియాల చారు. పొద్దునే లేచి క్యాబిన్‌లో కాచారట, నాకు చెప్పకుండా. స్టీలు గ్లాసు పట్టుకోవడానికి వేళ్లు రాకపోతే చెల్లే నోటికి అందించింది. ఇప్పటిదాకా తాగిన చారుల గురించి నేనేమీ మాట్లాడను.

ఆ సాయంత్రమే వెనక్కి బయల్దేరదామన్నాడు మరిది, సోమవారం ఆఫీసు. కుదరదన్నాను. ఫ్రీమాంట్ వెళ్లాలంటే డోనర్ సమ్మిట్ మీదుగా పోవాలి, అది 2,200 మీటర్ల పైన, సరస్సు కంటే మూడొందల మీటర్లు ఎత్తు. ఒంట్లో ఇంకా నైట్రోజన్ ఉండగా ఎత్తెక్కితే బయటి ఒత్తిడి ఇంకా తగ్గి అది బుడగలవుతుంది, డైవ్ చేసిన వెంటనే విమానం ఎక్కడం లాంటిదే. "కొండ దిగడానికి ముందు కొండెక్కాలా" అని తల పట్టుకుని, పాపం, ఆఫీసుకి మెసేజ్ పెట్టాడు. పసిదాని పేరు చెప్పి సెలవడిగాడని తర్వాత తెలిసింది.

రాత్రి క్యాబిన్‌లో టమాటా పప్పు, అన్నం, వడియాలు. నేను పళ్లెం ముందు కూర్చుని చేత్తో గాల్లో పొరలు చూపిస్తూ, ఇక్కడ 19, ఇక్కడ 14, ఇక్కడ 10 అని పెద్దవాడికి చెబుతున్నాను. వాడు వింటూనే నా వడియాలు తినేస్తున్నాడు. అత్తయ్యగారు అంతా శ్రద్ధగా విని, పెరుగు వడ్డిస్తూ అడిగారు.

"అది సరే అమ్మాయ్, ఇంతకీ అడుగున ఏముంది?"

"రాళ్లండి."

"రాళ్లా?"

"గుండ్రాళ్లండి. పెద్దవి."

ఆవిడ కాసేపు నా వైపు చూసి, ఇంకో గరిటె పెరుగు వేశారు. "మీ హైదరాబాదులో ఉన్నాయి కదమ్మా అవి."